సొంతంగా ట్రేడింగ్ కార్డ్ గేమ్ కార్డులు చేద్దామా? పంచారామాల మీద ఒక కొత్త మెకానిక్ తయారుచేస్తూ నేర్చుకుందాం

మ్యాజిక్: ద గ్యాదరింగ్, పోకెమాన్, యూ-గి-ఓ... ఈ పేర్లు మన సైట్ చదివేవాళ్ళకి కొత్తేమీ కాదు. చాలామంది ఫోన్‌లో ఆడుతూనే ఉంటారు. ఆడేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచన ఒకటుంది: "ఇలాంటి కార్డు నేనే చేస్తే?" బొమ్మ గీయడం, ఫ్రేమ్ పెట్టడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు. ఫోన్ ఉంటే అరగంటలో అయిపోతుంది. అసలు కష్టం ఆ కార్డు మీద రాసే రెండు లైన్లలో ఉంటుంది. ఆ రెండు లైన్లు ఆటను నిలబెట్టనూ గలవు, చెడగొట్టనూ గలవు.

నేను ఉండేది సామర్లకోటలో. అందుకే ఈ పాఠానికి ఉదాహరణగా డ్రాగన్లూ ఎల్ఫ్‌లూ కాకుండా మా ఊరి కథనే తీసుకుంటున్నాను. చివరికి వచ్చేసరికి మీ ఊరి కథతో మీరే ఒక మెకానిక్ రాయగలగాలి, అదీ లక్ష్యం.

కార్డుల ఆట మనకి కొత్త కాదు

ట్రేడింగ్ కార్డ్ గేమ్ అనేది 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితశాస్త్రజ్ఞుడు చేసిన మ్యాజిక్‌తో మొదలైంది. కానీ కథలతో, దేవతలతో కార్డుల ఆట మన దేశంలో అంతకన్నా చాలా ముందే ఉంది. దాని పేరు గంజీఫా. గుండ్రటి కార్డుల మీద చేత్తో బొమ్మలు వేసేవారు. మన నిర్మల్ చిత్రకారులు కూడా వీటిని వేశారు. దశావతార గంజీఫాలో పది అవతారాలకి పది రంగులు, రంగుకి 12 కార్డులు, మొత్తం 120.

డిజైన్ నేర్చుకునేవాళ్ళు ఇందులో రెండు రూల్స్ గమనించాలి. మొదటిది: సగం రంగుల్లో 10 పెద్దది, మిగతా సగంలో 1 పెద్దది. అంటే ఒకే అంకె ఒక రంగులో బలం, ఇంకో రంగులో బలహీనం. రెండోది: పగలు ఆడితే రాముడి రంగుతో ఆట మొదలవుతుంది, రాత్రి ఆడితే కృష్ణుడి రంగుతో. ఆకాశం వైపు చూస్తే చాలు, రూల్ తెలిసిపోతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు 2021లో మ్యాజిక్‌లో వచ్చిన పగలు-రాత్రి మెకానిక్ చూడండి. ఒక ఆటగాడు తన వంతులో మంత్రం ఏదీ వెయ్యకపోతే రాత్రి అవుతుంది. రాత్రివేళ ఒకరు తమ వంతులో రెండో అంతకన్నా ఎక్కువో వేస్తే మళ్ళీ పగలు. ఒకసారి మొదలయ్యాక ఆట అయిపోయేదాకా ఎవరు ఎన్ని వేశారో లెక్క పెడుతూనే ఉండాలి, దాన్ని తెచ్చిన కార్డు బల్ల మీద లేకపోయినా సరే. ఫోన్‌లో ఆడితే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, బల్ల మీద ఆడితే మనమే చూసుకోవాలి. ఐడియా ఒకటే అయినా భారం వేరు. కొత్త మెకానిక్ రాసేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: దీన్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలి?

ముందు వనరు తేల్చుకోవాలి

కార్డు వెయ్యడానికి ఆటగాడు ఏం ఖర్చు పెడతాడు? మ్యాజిక్‌లో ఆ వనరు కూడా కార్డుల రూపంలోనే ఉంటుంది. 60 కార్డుల డెక్‌లో 24 భూములు పెట్టుకున్నారనుకోండి. మొదటి ఏడు కార్డుల్లో భూమి ఒక్కటీ రాకపోవడమో, ఒక్కటే రావడమో జరిగే అవకాశం 14 శాతం. అంటే ఏడు ఆటల్లో ఒకసారి చేతిలో కార్డులుండీ ఏమీ చెయ్యలేని పరిస్థితి. చేతిని మార్చుకునే రూల్ అందుకే ఉంది. హార్త్‌స్టోన్ (2014) ఈ గొడవ లేకుండా ప్రతి వంతుకీ ఒక మానా దానంతట అదే పెరిగేలా చేసింది. గరిష్ఠం 10.

మన ఉదాహరణ ఆటకి రెండో పద్ధతే తీసుకుందాం. వనరు పేరు "నీరు". డెల్టాలో పుట్టినవాళ్ళకి దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక కాలువల్లో వచ్చిన నీరే ఇక్కడి పంట. మొదటి వంతులో 1 నీరు, రెండో వంతులో 2, అలా పెరుగుతుంది.

తర్వాత కొలబద్ద. ఏ శక్తీ లేని సాదా యోధుడికి బలం, ప్రాణం కలిపితే నీటి ఖర్చుకి రెట్టింపు ఉండాలి అనుకుందాం. 2 నీరు అయితే 2 బలం, 2 ప్రాణం. మ్యాజిక్‌లో గ్రిజ్లీ బేర్స్ అనే పాత కార్డు కూడా సరిగ్గా ఇంతే. ఏదైనా శక్తి కలిపితే ఈ మొత్తంలోంచి కొంత తగ్గించాలి. ఈ కొలబద్ద లేకుండా కార్డులు చేస్తే ప్రతి కార్డూ దాని ముందు కార్డు కన్నా బలంగా తయారవుతుంది.

ఇప్పుడు అసలు మెకానిక్: పంచారామం

కథ మీకు తెలిసిందే. తారకాసురుడి దగ్గరున్న ఆత్మలింగాన్ని కుమారస్వామి ఛేదిస్తే, ఐదు ముక్కలు ఐదు చోట్ల పడ్డాయి. అమరావతి, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, మా సామర్లకోట. ఐదు ముక్కలు అనగానే యూ-గి-ఓ ఆడేవాళ్ళకి ఎక్సోడియా గుర్తొస్తుంది. ఐదు భాగాలూ చేతిలోకి వస్తే ఆట గెలిచినట్టే. అదే పెట్టేస్తే సరిపోదా?

లెక్క చూద్దాం. 40 కార్డుల డెక్‌లో ఒక్కో ముక్క ఒక్కటే ఉంది. మొదటి ఐదు కార్డుల్లోనే ఐదూ వచ్చే అవకాశం 6,58,008లో 1. సగం డెక్, అంటే 20 కార్డులు చూసినా 2.4 శాతమే. 30 కార్డులు చూస్తే దాదాపు 22 శాతం. కాబట్టి గెలవాలనుకున్నవాడు ఏం చేస్తాడు? ఎదుటివాడిని పట్టించుకోకుండా కార్డులు లాగే కార్డులతోనే డెక్ నింపుతాడు. ముక్కలన్నీ చేతిలోనే దాక్కుంటాయి కాబట్టి ఎదుటివాడికి కనిపించవు, ఆపడానికి దారీ ఉండదు. ఒకడు ఆడుతుంటే ఇంకొకడు కూర్చుని చూడాలి.

అందుకని మూడు మార్పులు:

1. ముక్కలు చేతిలో కాదు, బల్ల మీద ఉండాలి. వీటిని "క్షేత్రం" కార్డులు అందాం. అందరికీ కనిపిస్తాయి.
2. ఐదూ అక్కర్లేదు. వేర్వేరు మూడు క్షేత్రాలు తెరిచి ఉంటే చాలు.
3. బహుమతి గెలుపు కాదు. మూడూ తెరిచి ఉన్నంతసేపూ నీ యోధులందరికీ బలం 1 పెరుగుతుంది.

ఒక్కో క్షేత్రం డెక్‌లో ఎన్ని కాపీలు ఉండనివ్వాలి? దీనికీ లెక్కే జవాబు. మొదటి చేతిలో 5, ఏడు వంతుల్లో 7, మొత్తం 12 కార్డులు చూశాడనుకుందాం. ఒక్కో కాపీ అయితే వేర్వేరు మూడు క్షేత్రాలు కనిపించే అవకాశం 15 శాతం. రెండేసి కాపీలు అయితే 53 శాతం. మొదటిదాంట్లో ఈ మెకానిక్ ఉన్నట్టే తెలీదు. రెండోదాంట్లో రెండు ఆటల్లో ఒకసారి జరుగుతుంది, అంటే దాని చుట్టూ డెక్ కట్టుకోవచ్చు. నేను రెండు కాపీలకే ఓటేస్తాను. గూగుల్ షీట్స్‌లో హైపర్‌జియోమెట్రిక్ ఫంక్షన్ ఉంది, ఇలాంటి సులువైన లెక్కలు ఫోన్‌లోనే అయిపోతాయి.

దేవుణ్ణి "నాశనం" చెయ్యొచ్చా?

ఇది రూల్ ప్రశ్న మాత్రమే కాదు. ప్రతి కార్డుకీ ఎదుటివాడి దగ్గర ఏదో ఒక జవాబు ఉండాలి, లేకపోతే ఆట ఏకపక్షం. కానీ "భీమేశ్వరాలయాన్ని నాశనం చేయి" అని కార్డు మీద రాస్తే మా వీధిలో ఒక్కరు కూడా ఆ ఆట ఆడరు. ఆడకపోవడమే న్యాయం కూడా. పక్కింటి మామ్మగారి ముందు చదవలేని వాక్యం కార్డు మీద ఉండకూడదు అనేది నా నియమం.

జవాబు గుడి దగ్గరే ఉంది. గ్రహణం వస్తే గుడి తలుపులు మూస్తారు, విడిచాక శుద్ధి చేసి తెరుస్తారు. అదే మెకానిక్! "గ్రహణం", ఖర్చు 3 నీరు: "బల్ల మీదున్న క్షేత్రాలన్నీ మూతపడతాయి. నీ తర్వాతి వంతు మొదట్లో తెరుచుకుంటాయి." మూతపడిన కార్డుని బోర్లా పెడతాం. బల్ల మీద చూస్తేనే తెలిసిపోతుంది. నీ క్షేత్రాలు కూడా మూతపడతాయి కాబట్టి ఎప్పుడు వెయ్యాలో ఆలోచించాలి. ఎదుటివాడికి ఒక వంతు నష్టం, కథకి మాత్రం ఏ అపచారమూ లేదు.

ఇక క్షేత్రాలకి ఒక్కోదానికి ఒక్కో గుణం. అది కథలోంచో గుడిలోంచో రావాలి, అప్పుడే గుర్తుంటుంది.

కుమారారామం (సామర్లకోట): తూర్పు చాళుక్య భీముడి కాలం నాటి ఈ గుడికి రెండంతస్తులు. లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఉంటుంది, పూజ పైన జరుగుతుంది. కాబట్టి ఈ కార్డుకి రెండు దశలు. 2 నీరు పెట్టి కింది అంతస్తు వెయ్యాలి, దానికి ఏ శక్తీ లేదు. తర్వాత ఏ వంతులోనైనా ఇంకో 2 నీరు పెడితే పై అంతస్తు తెరుచుకుంటుంది, అప్పుడు ఒక కార్డు లాగొచ్చు.

సోమారామం (భీమవరం): ఇక్కడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి ముదురుగా మారుతుందని ప్రతీతి. కార్డు నిలువుగా ఉంటే పౌర్ణమి, అడ్డంగా ఉంటే అమావాస్య. నీ ప్రతి వంతు మొదట్లో తిప్పాలి. పౌర్ణమిలో ఒక యోధుడికి ప్రాణం 1 పెరుగుతుంది, అమావాస్యలో ఏమీ లేదు. గంజీఫా నేర్పిన పాఠం ఇక్కడ వాడాను: స్థితి ఆటగాడి బుర్రలో కాదు, కార్డు మీదే ఉంది.

క్షీరారామం (పాలకొల్లు): పేరులోనే పాలున్నాయి. నీ వంతు చివర్లో నీ ప్రాణాలు 1 పెరుగుతాయి. ఇంతే. ఐదింటిలో ఒకటి రెండైనా ఇంత సాదాగా ఉండాలి, లేకపోతే కొత్తవాళ్ళు బెదిరిపోతారు.

పెద్ద కంపెనీలకీ తప్పలేదు

ఇంత లెక్క అవసరమా అనిపిస్తే రెండు సంగతులు చెప్తాను. 2004లో మ్యాజిక్‌లో స్కల్‌క్లాంప్ అనే ఆయుధం వచ్చింది. డిజైన్ చివరి దశలో దాని అంకెలు మార్చారు. ధరించిన జీవికి బలం 1 పెరిగి ప్రాణం 1 తగ్గేలా అయింది. ఆ జీవి చనిపోతే రెండు కార్డులు లాగొచ్చు. 1 ప్రాణమున్న జీవికి పెడితే వెంటనే చచ్చిపోతుంది, రెండు కార్డులు చేతికొస్తాయి. శిక్షలా కనిపించిన మైనస్ గుర్తే వరమైంది. అదే ఏడాది స్టాండర్డ్ ఫార్మాట్‌లో నిషేధించారు.

రెండోది 2020 ఏప్రిల్‌లో వచ్చిన కంపానియన్ మెకానిక్. డెక్ కట్టడంలో ఒక షరతు పాటిస్తే ఒక కార్డు డెక్ బయటినుంచి ప్రతి ఆటలోనూ అందుబాటులో ఉంటుంది. అదృష్టం అనే అంశమే పోయింది. జూన్‌కల్లా మెకానిక్ రూల్‌నే మార్చి, ముందు 3 మానా కట్టి చేతిలోకి తెచ్చుకోవాలన్నారు. ఒక కార్డు తప్పైతే ఆ కార్డుతో పోతుంది. మెకానిక్ తప్పైతే దాన్ని వాడే కార్డులన్నీ తప్పవుతాయి.

తెలుగులో రూల్ రాయడం

ఈ విషయం ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో దొరకదు. ఈ వాక్యం చదవండి: "ఈ యోధుడు ఇంకో యోధుణ్ణి కొట్టినప్పుడు అతని బలం 1 తగ్గుతుంది." ఎవరి బలం? కొట్టినవాడిదా, తిన్నవాడిదా? మాట్లాడేటప్పుడు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది కానీ కార్డుకి సందర్భం ఉండదు. అందుకే సర్వనామం తీసేసి పేరే మళ్ళీ రాయాలి: "దెబ్బ తిన్న యోధుడి బలం 1 తగ్గుతుంది."

అలాగే తెలుగులో కర్త లేకుండా వాక్యం నడిచిపోతుంది. "ఒక కార్డు పారేయాలి" అంటే ఎవరు? ప్రతిసారీ "నువ్వు" అనో "ఎదుటి ఆటగాడు" అనో రాయండి. "లాగాలి" అంటే తప్పనిసరి, "లాగొచ్చు" అంటే ఇష్టం. ఈ రెండూ కలిపేయకూడదు. ఒక కార్డుకి పాతిక పదాలు దాటితే ఆ శక్తిని రెండు కార్డులుగా విడగొట్టమని నా సలహా.

ఫోన్‌లోంచి బల్ల మీదకి

మామూలు కార్డు సైజు 63×88 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో 744×1039 పిక్సెల్స్. కత్తిరించడానికి చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలితే 815×1110. అంచు వదలకుండా పక్కపక్కనే పెడితే ఒక ఏ4 కాగితం మీద 9 కార్డులు పడతాయి. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు వాడండి, ఉచితం. కంప్యూటర్ ఉంటే ఇంక్‌స్కేప్‌లో ఒత్తులు సరిగ్గా వస్తాయి. ఏ యాప్ వాడినా ముందు "క్షేత్రం", "రాష్ట్రం", "కార్త్యాయని" లాంటి పదాలు టైప్ చేసి చూడండి. ఒత్తు విడిపోయినా, కింది లైన్ మీద పడినా ఆ యాప్ పనికిరాదు, లేదా లైన్ల మధ్య ఎడం పెంచాలి.

కానీ బొమ్మలు చివర. మొదటి వెర్షన్‌కి తెల్ల కాగితం మీద పెన్నుతో రాసి పాత పేక ముక్కల మీద అంటిస్తే చాలు. బొమ్మ వేశాక కార్డుని కొట్టేయడానికి మనసొప్పదు. పెన్నుతో రాసినదైతే గీత గీసేసి మళ్ళీ రాస్తాం.

ఆడించి చూసేటప్పుడు నేను ప్రతి ఆటకీ నాలుగే సంగతులు షీట్‌లో రాస్తాను: మొదట ఆడినవాడు గెలిచాడా, ఎన్నో వంతులో అయిపోయింది, చేతిలో వెయ్యకుండా మిగిలిపోయిన కార్డు ఏది, ఎవరైనా "ఇదేంటి?" అని అడిగిన కార్డు ఏది. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. రూల్ కాగితం ఇచ్చేసి, మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. మీరు వివరించాల్సి వచ్చిన ప్రతి కార్డూ తిరిగి రాయాల్సిన కార్డే.

ఒక జాగ్రత్త. వేరే కంపెనీ లోగో, ఫ్రేమ్, పాత్రల బొమ్మలు పెట్టి కార్డులు అమ్మకండి. ఇంట్లో ఆడుకోవడం వేరు, అమ్మడం వేరు.

ద్రాక్షారామం, అమరారామం కార్డులు కావాలనే రాయకుండా వదిలేశాను. అవి మీ హోంవర్క్. 3 నీరు దాటకుండా, పాతిక పదాల లోపు, గుడి కథలోంచి ఒక్క గుణం తీసి రాయండి. రాసిన దాన్ని ఆట తెలియని ఒకరికిచ్చి చదివించండి. ప్రశ్న అడగకుండా కార్డు వేశారంటే మీ మొదటి కార్డు తయారైనట్టే.