ముందు నేల మీదే పైలట్ కండి

నర్సీపట్నంలో ఫ్లయింగ్ క్లబ్ లేదు. మనకు దగ్గరున్న విశాఖ రన్‌వే నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగలో ప్రయాణికుల విమానాలు దిగుతాయి, లేస్తాయి. అక్కడికి వెళ్లి చిన్న విమానం ఎక్కి నేర్చుకుంటానంటే మాత్రం కుదరదు. భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్నాం. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట మన పక్క ఊరు లాంటిదే. అయినా పైలట్ కావాలనుకునే మన పిల్లలు ఏ హైదరాబాద్‌కో, ఉత్తరప్రదేశ్‌కో, అమెరికాకో పోవలసిందే.

అందుకే చాలామంది ‘అక్కడికి వెళ్లాక నేర్చుకుంటాంలే’ అని ఇంటర్ రెండేళ్లూ చేతులు ముడుచుకుని కూర్చుంటారు. అన్నిటికంటే ఖరీదైన ఆలోచన అదే. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. దేశంలో ఆ శిక్షణకు అటూ ఇటుగా యాభై లక్షలవుతోంది. హాస్టలూ చదువూ కలిపే అనుకున్నా గంటకు ఇరవై వేలకు పైమాటే. పొలం అమ్మో, బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టో తెచ్చిన డబ్బది. ఇంజిన్ తిరుగుతుండగా పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ మీకు ఫ్లాప్ అంటే ఏమిటో చెబుతున్నాడంటే, ఇంట్లో ఉచితంగా తెలుసుకోగలిగిన సంగతిని మీరు ఇరవై వేలు పోసి కొంటున్నట్టే. గాల్లో గడిపే గంట చేతికి, కంటికి, నిర్ణయానికి దక్కాలి. తలకెక్కించుకోవాల్సినదంతా ముందే, నర్సీపట్నంలోనే, ఫోనులోనో పాత ల్యాప్‌టాప్‌లోనో ఎక్కించుకోవాలి. దానికి కావలసిన సరుకంతా ఇప్పుడు ఉచితంగా దొరుకుతోంది.

మొదట చూడాల్సింది వీడియోలు కాదు, డీజీసీఏ వెబ్‌సైట్. పౌర విమానయాన నియమాలకు మన దేశంలో ఆఖరి మాట దానిదే. స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు పదహారేళ్లు, పదో తరగతి. ప్రైవేట్ పైలట్‌కు పదిహేడేళ్లు, 40 గంటలు. కమర్షియల్‌కు పద్దెనిమిదేళ్లు, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్. ఆ సబ్జెక్టులు చదవనివారు సార్వత్రిక విద్యాపీఠంలో విడిగా రాసుకుని వస్తున్నారు. డీజీసీఏ రాతపరీక్షల్లో ఒక్కో పేపరుకు 70 శాతం రావాలి. అంతకుముందు ‘కంప్యూటర్ నంబర్’ తీసుకోవాలి. లైసెన్సు దరఖాస్తులు ‘ఈజీసీఏ’ పోర్టల్‌లో జరుగుతాయి. ఇవన్నీ మీ అంతట మీరే చదివి అర్థం చేసుకోండి. ఈ పోర్టల్‌లో ఫారం నింపడానికే వేలు గుంజే మధ్యవర్తులున్నారు.

ఫీజు కట్టకముందే వైద్య పరీక్ష చేయించుకోండి. క్లాస్ 2 మెడికల్ చేసే డాక్టర్ల జాబితా డీజీసీఏ సైట్‌లోనే ఉంటుంది. కమర్షియల్‌కు క్లాస్ 1 కావాలి. అద్దాలు ఉన్నంతమాత్రాన దారి మూసుకుపోదు. రంగులు గుర్తుపట్టడంలో ఇబ్బంది ఉంటే మాత్రం అది ముందే తెలియాలి, అడ్వాన్సు కట్టాక కాదు.

ఇక పుస్తకాలు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ రాయించిన ‘పైలట్స్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ఏరోనాటికల్ నాలెడ్జ్’, ‘ఎయిర్‌ప్లేన్ ఫ్లయింగ్ హ్యాండ్‌బుక్’ రెండూ వాళ్ల సైట్‌లో పీడీఎఫ్‌గా ఉచితం. బొమ్మలు అద్భుతంగా ఉంటాయి, ఇంగ్లిష్ సరళంగా ఉంటుంది. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ 2019 జనవరిలో నడిపిన ప్రైవేట్ పైలట్ గ్రౌండ్ స్కూల్ పాఠాలన్నీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో వీడియోలుగా పెట్టింది. గ్రౌండ్ స్కూల్ క్లాసుకు వెళ్లే తోవ లేని ఊళ్లో, ఇంట్లో మంచం మీద కూర్చుని ఎంఐటీ పాఠం వినగలగడం చిన్న విషయం కాదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. గాలి ఎక్కడైనా ఒకటే కాబట్టి విమానం ఎలా ఎగురుతుందో అమెరికా పుస్తకంలో నేర్చుకోవచ్చు. నియమాలు మాత్రం మనవే చదవాలి.

ఐదు వందల పేజీల పీడీఎఫ్ దించుకుని ఫోల్డర్‌లో దాచుకుంటే చదివినట్టు కాదు. ఒక అధ్యాయం చదవండి, పుస్తకం మూసి చెల్లికి తెలుగులో చెప్పండి. ‘ముక్కు ఎత్తితే విమానం పైకి పోవాలి కదా అన్నయ్యా, మరి ఎందుకు పడిపోతుంది?’ అని ఆమె అడుగుతుంది. స్టాల్ మీకు అర్థమైందా లేదా అక్కడ తేలిపోతుంది. రెక్క గాలిని ఢీకొనే కోణం ఒక హద్దు దాటితే రెక్కపై గాలి అంటిపెట్టుకోకుండా విడిపోతుంది, లిఫ్ట్ పడిపోతుంది. ఇంజిన్ బాగానే ఉన్నా, వేగం ఎంతున్నా ఇది జరగొచ్చు. ఈ మాట మీ నోట తెలుగులో తడబడకుండా వస్తే పరీక్షలో ఇంగ్లిష్ ప్రశ్న ఎలా తిప్పి అడిగినా భయం లేదు.

వాతావరణ శాస్త్రం దగ్గరికి వస్తే మన ఊరికి ఒక అదృష్టం ఉంది. డిసెంబర్, జనవరిలో రాష్ట్రమంతా మన మీదుగానే లంబసింగి పొగమంచు చూడ్డానికి పోతుంది. వాళ్లు ఫొటోలు తీసుకుంటారు. మీరు పాఠం తీసుకోండి. మేఘాలు లేని, గాలి కదలని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలనంటిన తేమగాలి చల్లబడి చల్లబడి, తేమ నీటిబొట్లయ్యే డ్యూ పాయింట్ ఉష్ణోగ్రతకు చేరుతుంది, మంచు కడుతుంది. బరువైన చల్లగాలి లోయలోకి జారి పేరుకుంటుంది. ఎండెక్కాక విడిపోతుంది. మీటియరాలజీ పుస్తకంలో రేడియేషన్ ఫాగ్ అని చదివేది ఇదే.

ఇప్పుడు అదే సంగతి పైలట్లకు ఎలా అందుతుందో చూడండి. విమానాశ్రయాలు ‘మెటార్’ అనే కోడ్‌లో వాతావరణం చెబుతాయి. భారత వాతావరణ శాఖ విమానయాన సేవల్లోనూ, అమెరికా ప్రభుత్వ ‘ఏవియేషన్ వెదర్ సెంటర్’ సైట్‌లోనూ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. చలికాలం పొద్దున్నే శంషాబాద్ నుంచి ఇలాంటి వరుస రావచ్చు: ‘వీఓహెచ్ఎస్ 100030జెడ్ 00000కేటీ 0800 ఎఫ్‌జీ 16/16 క్యూ1015’. మొదటిది శంషాబాద్ కోడ్. నెలలో పదో తేదీ, గ్రీనిచ్ కాలమానం 00:30. దానికి ఐదున్నర గంటలు కలపండి, మనకు ఉదయం ఆరు. గాలి లేదు. చూపు ఆనేది 800 మీటర్లే. పొగమంచు. ఉష్ణోగ్రత 16, డ్యూ పాయింటూ 16. పీడనం 1015 హెక్టోపాస్కల్స్. ఈ వరుసలో నిజంగా మాట్లాడేది ఆ ‘16/16’. ముందురోజు సాయంత్రం అది 22/17 ఉండి, రాత్రి గాలి ఆగిపోతే, తెల్లారేసరికి ఏమవుతుందో మీరు ముందే ఊహించగలగాలి.

కాబట్టి ఈ పని పెట్టుకోండి. రోజూ పడుకునే ముందు విశాఖ, హైదరాబాద్ మెటార్లు చూసి, రేపు ఉదయం ఆరింటికి ఎలా ఉంటుందో నోట్‌బుక్‌లో రాయండి. పొద్దున్నే లేచి సరిచూసుకోండి. తప్పితే ఎందుకు తప్పిందో పక్కన రాయండి. గాలుల మ్యాపు ‘విండీ’ సైట్‌లో కదులుతూ కనిపిస్తుంది. అదీ చూడండి, కానీ మీ ఊహ రాసుకున్నాకే. ఒక శీతాకాలం, ఒక వానాకాలం ఇలా చేసిన పిల్లకు ఫ్లయింగ్ స్కూల్‌లో వాతావరణం క్లాసు కొత్తగా అనిపించదు. పైగా తన అంచనా తప్పవచ్చన్న ఎరుక కలుగుతుంది. పైలట్‌కు అది ప్రాణరక్ష.

ఇంగ్లిష్ అంటే బెరుకు చాలామందిని ఇక్కడే ఆపేస్తుంది. విజయవాడలో పెరిగిన యానీ దివ్య పదిహేడేళ్లకు ఉత్తరప్రదేశ్‌లోని ప్రభుత్వ అకాడమీ ఇగ్రువాలో చేరినప్పుడు తన ఇంగ్లిష్ అంతంతమాత్రమేనని, తోటివాళ్ల వేళాకోళం భరించానని ఇంటర్వ్యూల్లో చెప్పారు. పంతొమ్మిదేళ్లకు ఎయిరిండియాలో చేరారు. ముప్ఫై ఏళ్లకు బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. అంతర్జాతీయ ప్రమాణం అడిగేది నాలుగో స్థాయి ఇంగ్లిష్. అంటే స్పష్టంగా పలకడం, అర్థం చేసుకోవడం, అర్థం కాకపోతే మళ్లీ అడగడం. సాహిత్యం అక్కర్లేదు.

రేడియో భాషకు చెవి అలవాటు పడాలంటే ‘లైవ్ ఏటీసీ’ సైట్‌లో అమెరికా విమానాశ్రయాల సంభాషణలు వినండి. న్యూయార్క్ కెన్నెడీతో మొదలుపెట్టకండి. అక్కడి వేగానికి గుండె జారిపోతుంది. టవర్ ఉన్న ఏదైనా చిన్న విమానాశ్రయం ఎంచుకోండి, శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. కంట్రోలర్ చెప్పినదాన్ని మీరే బయటికి తిరిగి చెప్పండి, అదే రీడ్‌బ్యాక్. తేడాలు గమనించండి: అమెరికాలో ఫ్రీక్వెన్సీ మధ్య ‘పాయింట్’ అంటారు, మనం ‘డెసిమల్’ అనాలి. వాళ్ల పీడనం అంగుళాల్లో, మనది హెక్టోపాస్కల్స్‌లో. మూడు ‘ట్రీ’, ఐదు ‘ఫైఫ్’, తొమ్మిది ‘నైనర్’. ఇది వింతగా అనిపించినా గరగరల మధ్య అంకె పొరబడకుండా ఉండడానికే. 1977 మార్చి 27న టెనరీఫ్ రన్‌వే మీద రెండు జంబో జెట్‌లు ఢీకొని 583 మంది చనిపోవడంలో అస్పష్టమైన రేడియో మాటల పాత్ర ఉంది. ఆ తర్వాతే ‘టేకాఫ్’ అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్న కట్టుబాటు గట్టిపడింది. మిగతా అన్నిచోట్లా ‘డిపార్చర్’.

సిమ్యులేటర్ గురించి క్లుప్తంగా చెప్తాను. ‘ఫ్లైట్‌గేర్’ ఉచితం. చెక్‌లిస్ట్ క్రమం, నావిగేషన్ సాధనకు బాగా పనికొస్తుంది. ల్యాండింగ్ నేర్చుకోవడానికి పనికిరాదు. పైగా మీటర్లకేసి గుడ్లప్పగించి చూసే అలవాటు పడుతుంది. నిజం విమానంలో మీ కళ్లు ఎక్కువసేపు బయట ఉండాలి. అంతకంటే మంచి సాధన ఖాళీ కుర్చీలో కూర్చుని, కాక్‌పిట్ బొమ్మ గోడకు అంటించుకుని, చేత్తో తాకుతూ చెక్‌లిస్ట్ పైకి చదవడం. పైసా ఖర్చు లేదు.

నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది ప్రమాద నివేదికలకు. తెలుగువాళ్లందరికీ గుర్తున్న ఒకటి చెబుతాను. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలిపోయి, అందులోని ఐదుగురూ మరణించారు. ఆ ఉదయం టీవీల ముందు మనందరం ఎలా గడిపామో చెప్పనక్కర్లేదు. విచారణ సంఘం నివేదిక ప్రకారం, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ సమస్యకు పరిష్కారం వెతకడంలో పైలట్లు విలువైన నిమిషాలు తలమునకలయ్యారు. ఆలోగా హెలికాప్టర్ తీవ్రమైన వాతావరణంలోకి వెళ్లి, కిందికి తోసే బలమైన గాలికి అదుపు తప్పింది. 1972 డిసెంబర్ 29న అమెరికాలో ఈస్టర్న్ 401 విమాన సిబ్బంది అంతా వెలగని ఒక చిన్న బల్బు మీద దృష్టి పెట్టారు. ఆటోపైలట్ ఎత్తు నిలపడం మానేసి, విమానం మెల్లగా కిందికి దిగుతున్న సంగతి గమనించలేదు. 101 మంది చనిపోయారు.

ఆ రెండు చోట్లా పైలట్లు చేతకానివాళ్లు కాదు, అనుభవజ్ఞులు. అందుకే ఆ నివేదికలు చదవాలి. ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు అన్న క్రమాన్ని ప్రతి ఇన్‌స్ట్రక్టరూ చెబుతాడు. అది ఎందుకు పుట్టిందో నివేదిక చదివినవాళ్లకు ఒంటబడుతుంది. మన దేశంలో విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ఏఏఐబీ వెబ్‌సైట్‌లో శిక్షణ విమానాల ప్రమాదాల నివేదికలూ ఉంటాయి. నాసా 1976 నుంచి నడుపుతున్న భద్రతా నివేదికల వ్యవస్థ ‘కాల్‌బ్యాక్’ అనే నెలవారీ పత్రిక ఇస్తుంది. తమ పొరపాట్లను పైలట్లే స్వయంగా రాస్తారు. చదివేటప్పుడు మధ్యలో ఆగండి. ‘ఇక్కడ నేనైతే ఏం చేసేవాణ్ణి?’ అని రాసుకుని, అప్పుడు పేజీ తిప్పండి.

వాట్సాప్‌లో తిరిగే పాత ప్రశ్నల పీడీఎఫ్‌లతో జాగ్రత్త. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రేడియో లైసెన్సు బాధ్యత టెలికం శాఖ నుంచి డీజీసీఏకు మారింది. పాత పీడీఎఫ్‌కు ఇవేవీ తెలియవు. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ప్రైవేట్ లైసెన్సు తీసుకునే మన అన్నయ్యల సలహాలు విమానం నడపడం గురించి వినండి. లైసెన్సు గురించైతే మాత్రం అక్కడి కమర్షియల్ లైసెన్సు ఇక్కడ నేరుగా చెల్లదని, డీజీసీఏ పరీక్షలు రాసి మార్పించుకోవాలని మర్చిపోకండి.

స్కూల్ ఎంచుకునేటప్పుడు బ్రోషర్‌ను పక్కన పెట్టి డీజీసీఏ ఇచ్చే ర్యాంకులు చూడండి. 2025లో వచ్చిన మొదటి జాబితాలో ‘ఎ’ గ్రేడు ఒక్క స్కూల్‌కూ దక్కలేదు. తర్వాత అమ్మనో నాన్ననో తీసుకుని స్వయంగా వెళ్లండి. ఈరోజు ఎన్ని విమానాలు ఎగురుతున్నాయి, ఎన్ని హ్యాంగర్‌లో విడిభాగాల కోసం ఎదురుచూస్తున్నాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, కిందటేడు చేరినవాళ్లకు ఇప్పటికి ఎన్ని గంటలు వచ్చాయి? ఈ ప్రశ్నలు కౌన్సెలర్‌ను అడగండి, ఆ తర్వాత గేటు బయట టీ తాగుతున్న విద్యార్థులనూ అడగండి. రెండు జవాబులూ కలిస్తేనే అడ్వాన్సు కట్టండి.