చిన్న మోటారు పంపుతో ఇంటి దగ్గరే ఇంజన్ ఆయిల్ మార్చడం – ఒక పాఠం



మన నిజామాబాద్, బోధన్ ప్రాంతాన్ని ఇంజన్లు నడిపిస్తున్నాయి అంటే అతిశయోక్తి కాదు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడింది. ఎడ్లబండ్ల మీద పోయిన చెరకు తరువాత తరువాత ట్రాక్టర్ ట్రాలీల మీద పోయింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చాలామంది రైతులు చెరకు వదిలి వరికి మళ్లారు. అయినా ట్రాక్టర్ల అవసరం తగ్గలేదు. కోతకు హార్వెస్టర్, ధాన్యం మోయడానికి ట్రాలీ, కంఠేశ్వర్ వీధుల్లో ఆటోలు, కిరాయి కార్లు, చిన్న గూడ్సు బండ్లు. మన హాస్టల్‌లో చదివే పిల్లల్లో ఎందరి ఇళ్లలోనో నాన్న, అన్న, మామ ఎవరో ఒకరు వీటి స్టీరింగ్ పట్టుకునే సంసారం నడుపుతున్నారు.

అటువంటి ఇంట్లో ఇంజన్ పట్టేస్తే ఆ నెల కిస్తీ ఆగుతుంది, బోరింగ్ పనికి అప్పు చేయాలి, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ కూలీ లేదు. ఇంజన్ పాడవకుండా మన చేతిలో ఉన్న ముఖ్యమైన పని: సమయానికి ఆయిల్ మార్చడం. "వచ్చే నెల చూద్దాం" అని వాయిదా వేసేది కూడా దాన్నే. ఈ మధ్య బ్యాటరీతో నడిచే చిన్న పంపులు బజారులో దొరుకుతున్నాయి. వాటితో ఈ పని ఇంటి ముందే చేసుకోవచ్చు. అయితే ఆ పంపు దేనికి పనికి వస్తుంది, దేనికి రాదు అన్నది తెలియకుండా కొంటే డబ్బు దండుగ, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా. మన భౌతికశాస్త్ర పాఠాల సాయంతో ఈ విషయాన్ని తెలుసుకుందాం.

1. ఇంజన్ ఆయిల్ చేసే పనులు

ఇంజన్ ఆయిల్ ఒక కందెన అని పదో తరగతి లోపే చదువుకుంటాం. కాని ఘర్షణ తగ్గించడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. పిస్టన్ దగ్గర పుట్టిన వేడిని కొంత మోసుకుపోతుంది. మసిని, అరుగుదల వల్ల వచ్చిన లోహపు రజనును తనలో కలుపుకుంటుంది. పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు మధ్య సందును మూస్తుంది. తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఈ పనులన్నీ చేస్తూ చేస్తూ అందులో కలిపిన రసాయనాలు ఖర్చయిపోతాయి. అప్పుడు ఆయిల్ మార్చాలి.

చాలామంది రంగు చూసి నిర్ణయిస్తారు. అది సరికాదు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని పట్టుకుంటోంది అని దాని అర్థం. కాబట్టి రంగు కాదు, బండి పుస్తకంలో రాసిన కిలోమీటర్లు, ట్రాక్టర్‌కైతే గంటలు ప్రమాణంగా తీసుకోవాలి. ఒక రంగు మాత్రం ప్రమాద సూచన. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే అందులో నీరు కలిసిందన్నమాట. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకోకూడదు, మెకానిక్‌కు చూపించాలి.

2. పంపు ఎట్లా పని చేస్తుంది?

పంపు ఆయిల్‌ను పైకి లాగుతుందని అనుకుంటాం. నిజానికి పంపు చేసేది గొట్టంలో పీడనం తగ్గించడమే. ఆయిల్‌ను పైకి తోసేది మన చుట్టూ ఉన్న గాలి. వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల ఎత్తు నీటి స్తంభాన్ని నిలబెట్టగలదని చదువుకున్నాం. బండి చాంబర్ నుంచి పంపు దాకా ఉండే ఎత్తు మీటరు కూడా ఉండదు. కాబట్టి ఎత్తు సమస్య కాదు. సమస్య ఆయిల్ చిక్కదనం, అంటే స్నిగ్ధత.

డీజిల్ బండ్లలో ఎక్కువగా వాడే 15డబ్ల్యు-40 ఆయిల్ స్నిగ్ధత 40 డిగ్రీల సెంటిగ్రేడ్ వద్ద సుమారు 110 సెంటీస్టోకులు ఉంటే, 100 డిగ్రీల వద్ద 14, 15కు పడిపోతుంది. అంటే దాదాపు ఏడు రెట్లు పలుచన. చలికాలం పొద్దున చల్లటి ఆయిల్ మీద పంపు పెడితే మోటారు మూలుగుతుందే తప్ప ఆయిల్ రాదు. గోరువెచ్చగా ఉన్నప్పుడు సులభంగా వస్తుంది.

రెండో సంగతి గొట్టం లావు. 1840 ప్రాంతంలో పాయిజే అనే ఫ్రెంచి వైద్యుడు సన్నని గొట్టాలలో ద్రవాల ప్రవాహాన్ని పరిశీలించాడు. రక్తనాళాల్లో రక్తం ఎట్లా ప్రవహిస్తుందో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. ఆయన సూత్రం ప్రకారం గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. మన పంపు గొట్టం డిప్‌స్టిక్ అనే ఆయిల్ గేజీ రంధ్రంలోంచి దిగాలి కాబట్టి సన్నగా ఉండక తప్పదు. అందుకే ఈ పనికి ఓపిక కావాలి.

ఇక కరెంటు లెక్క. 12 వోల్టుల పంపు 5 ఆంపియర్లు తీసుకుంటే దాని సామర్థ్యం 12 × 5 = 60 వాట్లు. పది నిమిషాలు నడిస్తే బ్యాటరీ నుంచి ఖర్చయ్యేది 0.83 ఆంపియర్-అవర్ మాత్రమే. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీకి ఇది లెక్కలోది కాదు. కాబట్టి బండి బ్యాటరీతోనే పని అయిపోతుంది.

ఈ సూత్రం పెద్ద పంపులకూ వర్తిస్తుంది. నిజాంసాగర్ కాలువ నీరు పల్లానికి దానంతట అదే వస్తుంది. కాని ఆ ఆయకట్టు చివరి పొలాలకు గోదావరి నీరు అందించడానికి అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాల్లో మోటార్లు కావలసి వచ్చింది. ఇక్కడ మనం చేసేది కూడా ఎత్తిపోతే, డబ్బాడు ఆయిల్‌కు.

3. ఏ బండికి మంచిది, ఏ బండికి వద్దు

కార్లు, చిన్న గూడ్సు బండ్లు, జనరేటర్లు: గేజీ రంధ్రం చాంబర్ అడుగు దాకా సూటిగా దిగే బండికి ఈ పంపు బాగా పనికి వస్తుంది. అన్నింటికంటే పెద్ద లాభం, బండి కిందికి దూరే పని తప్పుతుంది. ఒక్క జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎవరూ, ఎప్పుడూ దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది. ఆయిల్ ఫిల్టర్ కింది వైపు ఉంటే ఆ పని సర్వీసింగ్ ర్యాంపు ఉన్న చోటే చేయించాలి.

మోటార్ సైకిళ్లు: పంపు అవసరం లేదు. వాటి ఆయిల్ దాదాపు ఒక లీటరు. మూత తీసి గొట్టం దించితే లోపల క్లచ్, గేర్లు అడ్డం వస్తాయి. కింద డ్రైన్ బోల్టు విప్పితే తేలికగా దిగిపోతుంది. ఇంకో మాట. చాలా మోటార్ సైకిళ్లలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కాబట్టి కారు ఆయిల్ పోయకూడదు, క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎం.ఎ. అని ఉన్నదో లేదో చూడాలి.

ట్రాక్టర్లు: ఇంజన్ ఆయిల్ వెచ్చగా ఉన్నప్పుడు పంపుతో తీయవచ్చు. కాని ట్రాక్టర్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి బోల్టు విప్పడమే సుఖం. గేరు ఆయిల్ చాలా చిక్కన. చిన్న పంపు దాన్ని లాగలేక వేడెక్కి కాలిపోతుంది.

పంపుకు ఒక లోపం ఉంది. అడుగున పేరుకున్న మడ్డిని, లోహపు రజనును అది పూర్తిగా తీయలేదు. కాబట్టి ఒకసారి పంపుతో తీస్తే మరుసటిసారి బోల్టు విప్పి తీయించడం మంచిది.

4. చేసే పద్ధతి

1) బండి పుస్తకంలో ఆయిల్ గ్రేడు, పరిమాణం చూసి కాగితం మీద రాసుకోండి. సరిపడా కొత్త ఆయిల్ ముందే తెచ్చి పెట్టుకోండి.

2) బండిని చదునైన చోట, ఆరుబయట నిలపండి. ఇంజన్ అయిదు, పది నిమిషాలు నడిపి ఆపేయండి. మరికొన్ని నిమిషాలు ఆగండి. ఆయిల్ వెచ్చగా ఉండాలి, చేయి కాలేంత కాదు.

3) పైన ఆయిల్ పోసే మూత వదులు చేయండి. లోపలికి గాలి పోకపోతే ఆయిల్ బయటికి రాదు.

4) గేజీ తీసి సన్న గొట్టాన్ని అడుగు తగిలేదాకా దించండి. తరువాత కొద్దిగా పైకి లాగండి.

5) రెండో గొట్టాన్ని కొలతలు ఉన్న డబ్బాలో పెట్టి తాడుతో కట్టండి. లేకపోతే పంపు మొదలవగానే గొట్టం ఎగిరి గోడంతా నల్లబడుతుంది.

6) పంపు స్విచ్ ఆపి ఉంచి, ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు, నల్ల క్లిప్పు మైనస్‌కు తగిలించండి. రెండు క్లిప్పులు ఒకదానికొకటి తగలకూడదు. ఇప్పుడు స్విచ్ వేయండి.

7) పంపు శబ్దం మారి బుడగలు వస్తే గొట్టాన్ని అటూ ఇటూ కదిలించి చూడండి. ఇక రాకపోతే వెంటనే ఆపండి. ఆయిల్ లేకుండా పంపు తిరిగితే అరిగిపోతుంది.

8) వచ్చిన ఆయిల్ కొలవండి. ఇదే అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు. పుస్తకంలో 3 లీటర్లు అని ఉండి, బయటికి 2 లీటర్లే వస్తే సాధారణంగా రెండు కారణాలు. గొట్టం అడుగుకు చేరలేదు, లేదా ఇంజన్ ఆయిల్ తాగుతోంది. కొలవకుండా 3 లీటర్లు పోస్తే చాంబర్ నిండిపోయి, క్రాంక్ తిరిగేటప్పుడు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగ కందెనగా పనిచేయదు. తక్కువైతే ఎంత నష్టమో, ఎక్కువైనా అంత నష్టం.

9) కొత్త ఆయిల్ లెక్క కంటే కొంచెం తక్కువ పోసి గేజీ చూడండి. ఇంజన్ నడిపి, ఆయిల్ లైటు ఆరిందో లేదో గమనించి, ఆపి, అయిదు నిమిషాల తరువాత మళ్లీ చూసి పై గీత దాటకుండా నింపండి.

10) తేదీ, కిలోమీటర్లు ఒక చీటీ మీద రాసి బండిలో అతికించండి.

5. ఈ పంపుతో చేయకూడని పనులు

పెట్రోలు తీయకూడదు. ఇటువంటి మోటారులో చిన్న నిప్పురవ్వలు పుట్టవచ్చు. పెట్రోలు ఆవిరికి ఒక్క రవ్వ చాలు. గేజీ వాసన చూస్తే పెట్రోలు వాసన గట్టిగా కొట్టినప్పుడు కూడా పంపు పెట్టవద్దు.

బ్రేక్ ఆయిల్ ముట్టుకోకూడదు. పేరులో ఆయిల్ ఉన్నా డాట్-3, డాట్-4 ద్రవాలు మామూలు నూనెలు కావు. ఇంజన్ ఆయిల్ అంటిన పంపుతో దాన్ని తాకితే బ్రేకుల్లోని రబ్బరు భాగాలు ఉబ్బిపోతాయి. ఆ తరువాత బ్రేకు పడకపోతే నష్టం మనకే కాదు, రోడ్డు మీద పోయేవారికి కూడా.

రేడియేటర్ కూలెంట్‌కు కూడా ఇదే పంపు వాడవద్దు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత అసలు తీయకూడదు. ఒక పంపు ఒకే ద్రవానికి అని నియమం పెట్టుకోండి.

6. నల్ల ఆయిల్ ఏం చేయాలి?

ఈ పాఠంలో నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇదే. షెడ్డులో మార్పిస్తే నల్ల ఆయిల్ బాధ్యత షెడ్డువాళ్లది. ఇంటి దగ్గర మారిస్తే ఆ బాధ్యత మనది. మన దగ్గర చాలామంది దాన్ని మోరీలో పోస్తారు, చెదలకని వాకిలి చుట్టూ చల్లుతారు, సెంట్రింగ్ పలకలకు పూస్తారు. ఒక్క బండి ఆయిల్ మార్పులో వచ్చే నల్ల ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. మన మోరీల నీరు చెరువులకు, వాగులకు, చివరికి మంజీర, గోదావరులకే కదా చేరేది. ఆ ఆయిల్‌లో కాలుడు వల్ల పుట్టిన విష పదార్థాలు ఉంటాయి. రోజూ చర్మానికి తగిలితే హాని చేస్తాయి. కాబట్టి చేతికి తొడుగులు వేసుకోవాలి, తరువాత సబ్బుతో కడుక్కోవాలి. డీజిల్‌తో చేతులు కడిగే అలవాటు మానాలి.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థలకే అది చేరాలి. 2023లో చేసిన సవరణ ప్రకారం 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారు చేసే, దిగుమతి చేసే కంపెనీలకు కూడా ఈ బాధ్యత ఉంది. వాడిన ఆయిల్‌ను శుద్ధి చేసి మళ్లీ మూల నూనెగా మార్చవచ్చు. మనం చేయవలసింది చిన్న పని. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, నీరు, పెట్రోలు కలవకుండా దాచి, వాడిన ఆయిల్ పోగుచేసి పంపే సర్వీసింగ్ కేంద్రానికి ఇవ్వాలి. కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాకు కన్నం పెట్టి పారేయండి. లేకపోతే అందులో నల్ల ఆయిల్‌ను వడగట్టి నింపి కొత్తదని అమ్మే మోసగాళ్లు ఉన్నారు.

7. అభ్యాసం

అ) 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టం బదులు 2 మిల్లీమీటర్లది పెడితే, మిగతావన్నీ మారకుండా ఉన్నప్పుడు, 5 నిమిషాల పనికి ఎంతసేపు పడుతుంది?

ఆ) ఆయిల్ పోసే మూత బిగించి, లోపలికి గాలి పోయే దారి ఏదీ లేకపోతే పంపు కొంతసేపటికి ఎందుకు ఆయిల్ తీయలేదు? వాతావరణ పీడనంతో వివరించండి.

ఇ) సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంటి బండి పుస్తకం చూసి ఆయిల్ గ్రేడు, పరిమాణం రాసుకు రండి. పుస్తకం పోయి ఉంటే డీలరును అడగండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పంపు మెకానిక్‌కు బదులు కాదు. ఇంజన్ శబ్దం విని రోగం చెప్పే అనుభవం పంపుకు రాదు. ఈ పని మీద ఇష్టం ఉన్నవారు పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడు ఒక సంవత్సరంలో, మోటారు వెహికల్ మెకానిక్ ట్రేడు రెండు సంవత్సరాల్లో నేర్చుకోవచ్చు. మన నిజామాబాద్‌లోనే ప్రభుత్వ ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ ఉన్నాయి. ఇష్టం లేనివారు కూడా ఇంట్లో బండి గేజీ ఎట్లా చూడాలో నాన్నకో, అన్నకో చూపించండి. ఈ సెలవుల్లో ఆ ఒక్క పని చేసినా మీ చదువు మీ ఇంటికి ఒక కిస్తీ మిగిల్చినట్టే.

అందరికీ హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– ఒక పూర్వ విద్యార్థి