చైన్ రంపానికి పవర్ పెంచితే ఆ వేడి ఎటు పోవాలి? మిషన్ పట్టేసినాక నేను నేర్చుకున్న పాఠం



పై వీడియోలో నా చేతిలో చూసిన పిస్టన్ నా మిషన్‌దే. ఒక పక్క నున్నగా మెరుస్తుంది, రెండో పక్క గోళ్లతో గీరినట్టు నిలువు గీతలున్నాయి. ఆ గీతలు ఎందుకు పడ్డాయో తెలిస్తే మీ మిషన్ మిగులుతుంది. అందుకే వీడియోలో హడావిడిగా చెప్పింది ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

జరిగిన సంగతి

మామిడి కాయ దిగినాక మా కథలాపూర్ చుట్టుపక్కల, కోరుట్ల, మేడిపల్లి వైపు తోటల్లో కొమ్మ కత్తిరింపులకు మిషన్ కిరాయికి తిప్పుతాను. నాది 58 సీసీ మిషన్, 18 అంగుళాల బార్. పాత చెట్ల లావు కొమ్మల్లో ఆగి ఆగి కోస్తుందని, వీడియోలు చూసి సైలెన్సర్ రంధ్రం పెద్దగా చేసిన. లోపలున్న జాలి అడ్డమనిపించి అది కూడా పీకేసిన. కార్బొరేటర్ జోలికి మాత్రం పోలేదు.

మొదటి అరగంట మస్తుగా కోసింది. జూన్ మొదటి వారం, ఇంకా వాన పడలేదు. చెట్టు కింద ఎండుగడ్డి, ఆకుల ఆచ్ఛాదన మందంగా ఉంది. కొమ్మ కోసి మిషన్ కింద పెట్టిన, రెండు నిమిషాల్లో గడ్డిలోంచి పొగ లేచింది. తోట యజమాని పెద్దాయన, "అరే బిడ్డా, మంట!" అని కేకేసి, పక్కన డ్రమ్ములో ఉన్న జీవామృతం బకెట్లతో ముంచి పోసిండు. మంట ఆరింది. మూడేళ్లుగా ఆయన పేర్చుకున్న ఆచ్ఛాదన రెండు చెట్ల కింద కాలిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి కోస్తుంటే మిషన్ సన్నగా కీచుమని అరిచి ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. సిలిండర్, పిస్టన్ మార్చడానికి రెండు వేల పైన అయింది, వారం రోజుల కిరాయి పోయింది. పెద్దాయన ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధైంది.

లోపల ఏం జరిగింది?

మన చైన్ రంపంలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజిన్. బైక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి మండితే, ఇది చుట్టు చుట్టుకూ మండుతుంది. వేడి దిగడానికి సందు తక్కువ. రేడియేటర్ లేదు, ఇంజిన్ ఆయిల్ ట్యాంకు లేదు. చల్లబరిచేవి మూడే: ఫ్లైవీల్ ఫ్యాన్ గాలి, సిలిండర్ మీద రెక్కలు, లోపలికి పోయే పెట్రోల్-ఆయిల్ మిశ్రమం.

సైలెన్సర్ తెరిస్తే పొగ తొందరగా బయటికి పోతుంది, గాలి ఎక్కువ లోపలికి వస్తుంది. పెట్రోల్ మాత్రం పాత స్క్రూ సెట్టింగ్ ప్రకారమే వస్తుంది. అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. మంట వేడి పెరుగుతుంది. పెట్రోల్‌తోనే ఆయిల్ వస్తుంది కాబట్టి, పెట్రోల్ చాలకపోతే ఆయిల్ కూడా చాలదు. పైన వేడి, లోపల ఎండు. రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి.

సిలిండర్‌కు బయట ఫ్యాన్ గాలి తగులుతుంది. లోపలి పిస్టన్‌కు ఆ సౌకర్యం లేదు. అల్యూమినియం కాబట్టి వేడికి ఉబ్బి గోడకు రాసుకుంటుంది. పొగ బయటికి పోయే వైపు అన్నిటికంటే వేడి, అందుకే నా పిస్టన్‌కు ఆ వైపే గీతలు పడ్డాయి. ఆయిల్ కలపకుండా వట్టి పెట్రోల్ పోసిన మిషన్‌లో అయితే గీతలు చాలావరకు చుట్టూ ఉంటాయి. సైలెన్సర్ విప్పి టార్చి వేసి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి

1. ముందు శుభ్రం. పక్క మూత విప్పి రెక్కల మధ్య రంపపు పొట్టు బ్రష్‌తో తీయాలి. మామిడి జిగురుకు పొట్టు అంటుకొని గట్టిపడుతుంది. స్టార్టర్ మూతకున్న గాలి సందులూ చూడాలి. ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపాలి.

2. చైన్ పదును. పదునుంటే చెక్క పేలికలుగా వస్తుంది, మొద్దుబారితే పిండిలా రాలుతుంది. పిండి రాలుతోందంటే మనం అదుముతున్నాం, ఇంజిన్ ఊరికే కాగుతోంది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కావలసింది ఆకురాయి, పవర్ కాదు.

3. ఆయిల్ కొలత. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. మీ మిషన్ పుస్తకంలో ఏది రాసుంటే అదే. "ఇంకొంచెం పోస్తే చల్లగా ఉంటది" అనేది అపోహ. ఆయిల్ పెరిగినంత పెట్రోల్ తగ్గుతుంది, మసి కూడా పేరుకుంటుంది.

4. పెట్రోల్. 2025 నుంచి బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినదే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే సెట్టింగ్ మీద మిశ్రమం ఇంకా పలచబడుతుంది. కొత్త కారులో సెన్సార్ సరిచేసుకుంటుంది, మన కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది. నేను కలిపిన మిశ్రమం నెల దాటితే వాడను. ఎంత శాతం ఇథనాల్ వరకు పనికొస్తుందో పుస్తకంలో చూసుకోండి.

5. హెచ్ స్క్రూ. సైలెన్సర్ మార్చినవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. ఫిల్టర్ శుభ్రం చేసి, ఇంజిన్ వేడెక్కినాక హెచ్ స్క్రూను కొంచెం కొంచెంగా ఎడమకు తిప్పండి. ఎడమకు తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. లోడ్ లేకుండా ఫుల్ రేస్‌లో కొద్దిగా తడబడే, గరగరలాడే శబ్దం రావాలి. కొమ్మలో పెట్టగానే ఆ గరగర పోయి సాఫీ కావాలి. లోడ్ లేనప్పుడే సన్నగా, శుభ్రంగా కూస్తే పెట్రోల్ చాలట్లేదని అర్థం. కొన్ని మిషన్లకు ఈ స్క్రూ ఉండదు, వాటి సైలెన్సర్ జోలికి పోవద్దు.

6. చలికాలం మళ్లీ చూడాలి. జూన్‌లో సరిచేసిన మిషన్ డిసెంబర్ పొద్దున సరిపోదు. చల్లగాలి చిక్కగా ఉంటుంది, మిశ్రమం పలచబడుతుంది. ఎండాకాలమే ప్రమాదం అనుకునేవాణ్ణి, చలికి కూడా ఇంజిన్ పట్టేయొచ్చు.

7. జాలి తీయొద్దు. నిప్పురవ్వలను ఆపేది అదే. మసి పడితే కడిగి పెట్టండి. మన పద్ధతిలో నేలంతా ఎండు ఆచ్ఛాదనే, అంటే నేలంతా అగ్గికి మేతే. వేడి మిషన్‌ను మట్టి మీదనో, తడి గోనెసంచి మీదనో పెట్టండి.

8. వెంటనే ఆపొద్దు. లావు కొమ్మ కోసినాక అర నిమిషం నుంచి నిమిషం ఐడిల్‌లో తిరగనివ్వండి. ఫ్యాన్ తిరిగితేనే వేడి దిగుతుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ పోయొద్దు. పోసిన చోటు నుంచి పది అడుగులు జరిగి స్టార్ట్ చేయండి.

ఈ గుర్తులు కనపడితే ఆపేయండి

ఐడిల్ దానంతటదే పెరగడం, రేస్ వదిలినా తొందరగా దిగకపోవడం, ప్లగ్ మొన తెల్లగా ఉండటం. ఇటుక రంగులో ఉంటే మంచిది, నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ. స్క్రూ తిప్పినా ఐడిల్ నిలవకపోతే ఎక్కడో గాలి లీకుంది. ఆయిల్ సీల్, కార్బొరేటర్ దగ్గరి రబ్బరు చూపించండి.

ఇప్పుడు నా మిషన్‌కు పాత సైలెన్సరే ఉంది, జాలితో సహా. పొద్దున పది గంటల్లోపు లావు కొమ్మలు, ఎండెక్కినాక చిన్నవి కోస్తాను. ప్రతి ట్యాంకుకు ఒకసారి చైన్‌కు పదును పెడతాను. పని ముందుకంటే తొందరగానే అవుతుంది.

మొన్న అదే పెద్దాయన తోటకు మళ్లీ పోయిన. కోసిన కొమ్మల చిన్న రెమ్మలు, ఆకులు ముక్కలు చేసి ఆ రెండు చెట్ల కిందే పరిచి వచ్చిన. కిరాయి తీసుకోలేదు. ఆయన మాత్రం పని మొదలుపెట్టకముందే రెండు బకెట్ల నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టిండు. ఇప్పుడు నేను ఏ తోటకు పోయినా ముందు అదే చేస్తున్నాను. మీరు కూడా చేయండి.