తీర్పుకు ముందు మాట

చేనేతకూ, కలంకారీ అద్దకానికీ పేరుగాంచిన పెడన వంటి చిన్న పట్టణంలో ఒక కొట్లాట జరిగిందనుకుందాం. సాయంత్రమయ్యేసరికి దానిపై రెండు కథలు పుడతాయి. దెబ్బలు తిన్నదెవరు, సాక్ష్యమేమిటి అన్న ప్రశ్నలకంటే ముందు ‘నిందితుడు ఏ పార్టీవాడు?’ అన్న ప్రశ్న వినిపిస్తుంది. మనవాడైతే అది అక్రమ కేసు. ఎదుటివాడైతే తగిన శాస్తి! న్యాయం విషయంలో సమాజం ఇలా చీలిపోయినప్పుడు మొదట నష్టపోయేవాడు బాధితుడే.

ఇటువంటి చీలిక ప్రాణాంతకంగా పరిణమించిన కాలాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చవిచూసింది. 1990లలో పోలీసులకూ నక్సలైట్లకూ నడుమ సాగిన పోరులో ఒకవైపు ఎన్‌కౌంటర్లు, మరొకవైపు ఇన్‌ఫార్మర్లన్న ముద్రతో హత్యలు జరిగాయి. నడుమ నలిగినవారు పల్లె ప్రజలు.

ఆ స్థితిలో 1997లో విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ కన్వీనరుగా పౌరస్పందన వేదిక ఏర్పడింది. న్యాయవాది కె.జి. కన్నబిరాన్, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు, ఆచార్య జి. హరగోపాల్ వంటివారు అందులో పాలుపంచుకొన్నారు. వారి వృత్తులు వేరు, ఆలోచనా ధోరణులు వేరు. అయినా గ్రామాలకు వెళ్లి బాధితుల గోడు విన్నారు. చట్టబద్ధంగా నడుచుకోవలసిందిగా ప్రభుత్వాన్నీ, హత్యలు మానవలసిందిగా పీపుల్స్‌వార్‌నూ కోరారు. ఒక పక్షాన్ని మెప్పించడానికి రెండవ పక్షపు తప్పును దాచలేదు.

ఆ కృషి 2004 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన శాంతి చర్చలకు బాట వేసింది. 2005 జనవరి నాటికి ఆ ప్రయత్నం భగ్నమై హింస మళ్లీ చెలరేగింది. కాని వేదిక ముందుకు తెచ్చిన సూత్రం చెక్కుచెదరలేదు. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ హరించరాదని రాజ్యాంగంలోని 21వ అధికరణం చెబుతున్నదీ ఇదే.

ఈ సూత్రం మన వీధి తగాదాకూ వర్తిస్తుంది. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం రాజీకి వీలైన కేసులను లోక్ అదాలత్‌లో ఇరుపక్షాల సమ్మతితో పరిష్కరించుకోవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. అయితే హత్య, అత్యాచారం వంటి ఘోర నేరాలు రాజీకి లొంగవు. ఊరి పెద్దలు, పార్టీ నాయకులు వాటిని పంచాయతీలో మాపివేయబూనడం సయోధ్య కాదు, అన్యాయం.

కావున నేరాన్ని గూర్చి మాట్లాడుకొనేటప్పుడు మూడు నియమాలు పాటించాలి. బాధితుని మాట ముందు వినాలి. రుజువయ్యేదాకా నిందితుని దోషి అనరాదు. మనవానికి కోరుకొనే విచారణనే ఎదుటివానికీ కోరాలి. మూడవది కష్టతరం, న్యాయబుద్ధికి అసలైన పరీక్ష అదే.

అభ్యాసం
1. పౌరస్పందన వేదిక ఇరుపక్షాలను ఏమని కోరింది?
2. సయోధ్యకూ అన్యాయపు రాజీకీ గల భేదాన్ని వివరించండి.