ఆ సందు మూసేయకు

అల్లుడూ,

లేహ్ ప్రయాణానికని బైకుకు కొన్న శాడిల్ బ్యాగుల ఫొటోలు చూశాను. కుట్టు గట్టిగా ఉంది. కుడివైపు సైలెన్సర్‌కి తగలకుండా రేకు అడ్డం పెట్టావు, సంతోషం. ఎడమవైపు బిగించిన తీరు మాత్రం నచ్చలేదు. సైడ్ ప్యానెల్ కింద, బ్యాగు చాటున, రెక్కలున్న అల్యూమినియం దిమ్మ ఒకటుంది చూడు. రెగ్యులేటర్ రెక్టిఫయర్ అంటే అదే. మెకానిక్కులు ఆర్ఆర్ యూనిట్ అంటారు. నీ బ్యాగు సరిగ్గా దాని రెక్కలకు ఆనుకుని ఉంది.

సైలెన్సర్ కాలుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. ఈ దిమ్మ చేయి పెట్టలేనంత వేడెక్కుతుందని చాలామందికి తెలియదు. ఇంజన్ తిరిగినంతసేపూ స్టేటర్ కాయిల్ ఏసీ కరెంటు పుట్టిస్తుంది. దాన్ని డీసీగా మార్చి, 14 వోల్టులకు అటూ ఇటూగా బ్యాటరీకి అందించడం దీని పని. షంట్ రకమైతే మిగులు కరెంటును తన గుండానే షార్ట్ చేసి తిప్పి పంపుతుంది. అందుకే లైట్లు ఆపేస్తే దానికి భారం తగ్గదు, పెరుగుతుంది. మోస్‌ఫెట్ రకం తక్కువ వేడెక్కుతుంది. వేయించుకుంటే మంచిదే, కానీ దానికీ గాలి ఆడాలి.

గాలి ఆడకపోతే మొదట్లో ఏమీ తెలియదు. మెల్లగా కప్లర్‌లో పిన్నులు మాడతాయి, ఛార్జింగ్ పడిపోతుంది. లేదంటే అదుపు తప్పి వోల్టేజీ 15 దాటుతుంది, బ్యాటరీ ఉడుకుతుంది, బల్బులు పోతాయి. బ్యాగు సంగతి కూడా చూసుకో. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పీవీసీ పూత అంతకు చాలా ముందే మెత్తబడుతుంది.

హైవే మీద బాగానే ఉందని ధీమా పడొద్దు. అక్కడ గాలి ధారాళంగా తగులుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఫస్ట్ గేరులో ఇంజన్ గట్టిగా తిరుగుతుంది, కాయిల్ బోలెడు కరెంటు ఇస్తుంది, బండి మాత్రం నడకలా పోతుంది. లేహ్ దగ్గరి ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు. అక్కడి గాలి సముద్రమట్టంలో ఉన్న చిక్కదనంలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. చలి కొంత సాయపడుతుంది కానీ, పలచని గాలి వేడిని అంత త్వరగా లాక్కుపోలేదు.

కాబట్టి బ్యాగును పట్టి ఉంచే స్టే మార్పించు. దిమ్మకూ బ్యాగుకూ మధ్య కనీసం నాలుగు వేళ్ళ సందు ఉండాలి. ముందునుంచి గాలి వచ్చే దారి, వెనకనుంచి పోయే దారి రెండూ తెరిచి ఉండాలి. ఖాళీ బ్యాగుతో కొలవకు. సామాను నింపితే అది ఉబ్బుతుంది, గుంతలో పడ్డప్పుడు లోపలికి ఊగుతుంది. నింపి, వెనక ఒకర్ని కూర్చోబెట్టి చూడు. స్టే కోసం దిమ్మ బోల్టునే వాడే మెకానిక్కులుంటారు, ఒప్పుకోకు. దిమ్మనే వేరేచోటికి మారిస్తే ప్లాస్టిక్ మీద బిగించొద్దు, లోహం మీదే బిగించాలి. వైరు పొడిగిస్తే అసలు వైరుకంటే సన్నది వేయకూడదు, వదులు అతుకు అసలే ఉండకూడదు. పెట్రోలు డబ్బా, పవర్ బ్యాంకు, చైన్ స్ప్రే ఆ వైపు బ్యాగులో వద్దే వద్దు.

బయల్దేరేముందు పూర్తి సామానుతో శ్రీశైలం వెళ్ళిరా. మన్ననూరు దాటి అడవిలోంచి డ్యామ్ దాకా దిగు, అక్కడినుంచి కొండ ఎక్కు. పైన ఆగగానే బ్యాగు లోపలివైపు గుడ్డ తడిమి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చుర్రుమంటే సందు ఇంకా పెంచాలి. ఇంజన్‌ని కాస్త రేజ్ చేసి బ్యాటరీ దగ్గర మల్టీమీటరు పెట్టు. 13.5కీ 14.5కీ మధ్య ఉండాలి. ఆ అంకె నాకు ఫోన్‌లో చెప్పు. అది సరిగ్గా లేకపోతే ప్రయాణం వాయిదా వేసుకో, నా మాట విను.

మీ మామయ్య