గుంటలో మిగిలినది

రబ్బరును వ్రేలితో నొక్కి విడిచినచో గుంట పూడును, ఇది స్థితిస్థాపకత. మైనమున గుంట నిలుచును. లోహస్ఫటికములందు ఈ రెండును ఒక్క నొక్కునందే కలుగును.

1900లో స్వీడను దేశీయుడగు బ్రినెల్, 10 మిల్లీమీటర్ల ఉక్కుగుండును 3000 కిలోగ్రాముల భారముతో లోహముపై నొక్కి, మిగిలిన గుంట వ్యాసమునుబట్టి కాఠిన్యమును నిర్ణయించు పద్ధతిని ప్రకటించెను. లోతు నేల కొలువలేదు? చదువుకొను దినములలో నాకును ఈ సందేహము గలిగినది. భారము తీయగనే, కొంచెముగా తొలగిన పరమాణువులు స్వస్థానములకు మరలుటచే లోతు తగ్గును; వ్యాసము అంతగా మారదు.

నిలిచిన గుంటలో స్ఫటికపు పొరలు జారినవి. కాని ఒక్కుమ్మడి జారలేదు. పెద్ద జంబుఖానాను ఈడ్చుట కష్టము. ఒక ముడుత చేసి త్రోసినచో సులభముగా జరుగును. అట్టి ముడుతవంటి దోషమే స్ఫటికమున కదలునని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ వేర్వేరుగ వ్రాసిరి. ఉక్కులోని కర్బనము ఆ కదలికకు అడ్డుపడును. ఉక్కు శుద్ధమైన ఇనుముకంటె గట్టిదగుటకు ఇదియొక హేతువు.