రక్తచందనం చెప్పే కణపాఠం

కడప జిల్లాలో గురువుగారి ఇంట వైద్యం నేర్చుకొన్న రోజులలో నాకు అప్పగించిన తొలి పని, రక్తచందనపు చెక్కను సానమీద అరగదీయడం. ఒకనాడు తెలియక అంచున ఉన్న తెల్లని భాగాన్ని అరగదీశాను. గంధం ఎర్రబడలేదు. "అది ఇంకా బతికున్న కట్టెరా! మందుండేది చచ్చిన చేవలో" అన్నారు గురువుగారు. ఆ మాటలోని శాస్త్రం చాలా ఏండ్ల తరువాతగాని నాకు బోధపడలేదు.

కణంలోని అంగకాలు

చెట్టు దేహమైనా మన దేహమైనా కణాల కూర్పే. కణంలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క అంగకం ఉన్నది. కేంద్రకం వంశలక్షణాలను భద్రపరచి కణాన్ని నడుపుతుంది. మైటోకాండ్రియాలు ఆహారంలోని శక్తిని ఏ.టి.పి. అనే అణువులో నింపుతాయి. ఈ అణువును 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి వెల్లడించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికా వెళ్లకముందు మదరాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులు.

ఆకుపచ్చని కణాలలో అదనంగా హరితరేణువులు ఉన్నవి. వేళ్లు తెచ్చిన నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఎండ బలంతో కలిపి అవి చక్కెర తయారుచేస్తాయి, ప్రాణవాయువును విడుస్తాయి. ఇదే కిరణజన్య సంయోగక్రియ.

నిర్ణీత మరణం

లంకమల, పాలకొండల రాతినేలలో పెరిగే రక్తచందనపు చెట్టునే చూడండి. ఆకులు చేసిన చక్కెర మానులోనికి దిగి, తెల్లకట్టెలోని సజీవ కణాలలో పిండిపదార్థంగా నిలువ ఉంటుంది. కాలం తీరిన కణాలు ఆ నిలువను ఖర్చుచేసి శాంటలిన్ మొదలైన ఎర్రని పదార్థాలను తయారుచేసి, తాము మరణిస్తాయి. అదే చేవ. మానును పురుగు నుండి, కుళ్లు నుండి కాపాడేది అదే.

మన దేహంలోనూ ఇట్టి ఏర్పాటు ఉన్నది. గర్భస్థ శిశువు వేళ్ల నడుమ ఉన్న కణాలు మరణించుటవల్లనే వేళ్లు విడివడతాయి. జంతుకణాల ఈ మరణానికి 1972లో శాస్త్రజ్ఞులు "ఎపాప్టోసిస్" అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆకు రాలడమని దాని అర్థం.

చావు మరచిన కణం

చావవలసిన కణం చావక, అదుపులేక విభజన చెందుతూ పోతే క్యాన్సరుకు దారితీస్తుంది. అర్బుదం కొద్దిపాటి నొప్పితో, చీము పట్టక, మెల్లగా పెరుగుతుందని సుశ్రుత సంహిత ఏనాడో హెచ్చరించింది.

చదివి కూడా నేను ఒకసారి తప్పు చేశాను. కర్నూలులో వైద్యం మొదలుపెట్టిన కొత్తలో ఒక తల్లి రొమ్ములో గడ్డతో వచ్చింది. నొప్పి లేదన్నది. రక్తచందనపు పట్టు వేయించి రెండు నెలలు గడిపాను. పెద్దాసుపత్రికి పంపేనాటికి వ్యాధి చంకలోనికి పాకింది. ఆమె దక్కలేదు. ఆ తప్పు మందుది కాదు, నాది.

పాఠకులకు మనవి. చెమటపొక్కులకు, ఎండకు కమిలిన చర్మానికి రక్తచందనపు గంధం నిస్సంకోచంగా పూసుకొనండి. దేహంలో ఎక్కడైనా కొత్తగా గడ్డ కనిపిస్తే మాత్రం, నొప్పి లేకపోయినా, పట్లతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. సుబ్బారావుగారి బృందం రూపొందించిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరు చికిత్సలో ఉన్నది. ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పినవారి మందు మనకు పరాయిది ఎట్లవుతుంది?